బ్రేకు మనిషి

ఆ మంచుదారి ఎలా ఉంటుందో నన్నడక్కండి.
పదకొండేళ్లు దాని మీద జారాను,
ఒక్కసారీ చూడలేదు.
బండిని తోసేది ఐదు సెకన్లు.
అందరికంటే చివర నేను ఎగిరి లోపల పడ్డాక
నా లోకమంతా ముందు కూర్చున్నవాడి వీపు.
లోథార్ వీపు అది: తడిసిన ఉన్ని, కర్పూర తైలం, కాస్త ఉల్లిపాయ.
మోకాళ్ల మధ్య తల దూర్చి
వంపుల్ని పొట్టతో లెక్కపెట్టేవాణ్ణి.
తొమ్మిదిలో పేగులు గొంతుకడ్డం వచ్చేవి,
పదమూడులో వెన్ను అంగుళం కుంగేది,
పద్నాలుగు దాటి గంట వినబడగానే లివరు లాగాలి.
అంతే నా కొలువు.
ఆపడం.

చూసేవాడు ఒక్కడే, ఎరెన్‌ఫ్రీడ్.
మా నలుగురికీ కలిపి రెండే కళ్లు.
ముందురోజు రాత్రి కళ్లు మూసుకుని వంటింటి బల్ల మీద
రెండు చెంచాల్ని తాళ్లలా పట్టుకుని
దారంతా నడిపేవాడు.
రోస్‌విథా సూప్ చల్లారిపోయేది.

గెలిచాం.
రేడియో అతని పేరు చెప్పింది,
తరవాత "అతని బృందం" అంది.
ఆ రెండో మాటలో మేం ముగ్గురం సర్దుకుని కూర్చున్నాం,
బండిలో కూర్చున్నట్టే.
అతనికి పన్నెండేళ్ల వరస తప్పించి కారిచ్చారు,
బడి ముందు వీధికి పేరు పెట్టారు.
నాకు ఫ్రిజ్ వచ్చింది.
అసూయ లేదని చెప్తే నమ్మకండి.
ఉండేది. కొండ ఎక్కేటప్పుడు ఉండేది,
దిగేటప్పుడు ఉండేది కాదు.

తరవాత ఒక నవంబరులో మా దేశం కరిగిపోయింది.
మంచైతే మళ్లీ గడ్డకట్టేది.
మా చొక్కాల మీది మూడక్షరాలు ఏమిటని
మనవరాలు అడిగితే
ఒక ఊరి పేరని చెప్పాడట ఎగాన్.
కోట్లు వేసుకున్నవాళ్లు వచ్చి
నీలం బిళ్లలు మింగారా అన్నారు.
మింగాం. విటమిన్లన్నారు, మింగాం.
మర్నాడు వీధి పలక ఊడదీశారు.
రోస్‌విథా అడిగి తెచ్చుకుని
కోళ్లగూటికి తలుపు చేసింది.
ఇరవై ఏళ్లు కోళ్లు
ఛాంపియన్ పేరు కింది నుంచి దూరి గుడ్లు పెట్టాయి.

అతను మాత్రం పురపాలక సంఘంలో మంచు తీసే లారీ ఎక్కాడు.
తెల్లారి నాలుగింటికి, నోట్లో ఆరిన చుట్ట.
అతను వెళ్లిన వీధికి రెండు వైపులా
మంచు అంచు దారం పట్టి గీసినట్టుండేది.
ఎవరి గుమ్మం ముందూ గుట్ట వదిలేవాడు కాదు.
ఊరివాళ్లు దాన్నే గుర్తుపెట్టుకున్నారు.
పతకం సంగతి
పొద్దుపోయాక సారాకొట్టులో ఎవడో ఒకడు తీసేవాడు,
ఇంకెవడో కిటికీలోంచి బయటికి చూసేవాడు.

మొన్న జనవరిలో పోయాడు.
శ్మశానం వాలు కింద ఉంది, దారంతా అద్దం.
శవపేటిక బండి చక్రాలు నిలవలేదు,
కాటికాపరి కట్టెలు లాగే చెక్క స్లెడ్జి తెచ్చాడు.
ఎవరూ చెప్పకుండానే మేం ముగ్గురం
మా మా చోట్లలో నిలబడ్డాం.
లోథార్‌కి కొత్త తుంటి, ఎగాన్‌కి ఒక కన్నే.
నేను వెనక.
ముందు చోటు ఖాళీ. దాంట్లోకి ఎవరూ రాలేదు.
"ఒకటి" అన్నాడు ఎగాన్, అలవాటు కొద్దీ.
రెండు అనలేదు.

సగం దారిలో స్లెడ్జి మా మాట వినడం మానేసింది.
నా చెయ్యి దానంతటది
అక్కడ లేని లివరు కోసం వెతికింది.
మడమలు దిగేసి, వీపు వెనక్కి వాల్చి,
డెబ్బై మూడేళ్ల బరువంతా పెట్టి ఆపాను.
ఆగింది.
వెనక ఏడుస్తున్నవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగారు.

అప్పుడు తలెత్తాను.
మొట్టమొదటిసారి, బండి కదిలాక, తలెత్తి దారి చూశాను.
పెద్దగా ఏమీ లేదు.
బూడిద చల్లిన మంచు, కంచె, కంచె మీద ఒక కాకి,
ఎవరిదో ఎర్ర చేతితొడుగు పడి ఉంది.
కొత్త కుర్రాడు తీసిన మంచు అంచు
పాము పాకినట్టు వంకరగా ఉంది.

ఎరెన్‌ఫ్రీడ్ చూస్తే దిగి వాణ్ణి తిట్టేవాడు.